మార్జిన్‌లో ఇరికించిన వాక్యం

హనుమకొండ

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలూ రెండుసార్లు చదివాను. మూడో పేజీలో చోటు చాలక మార్జిన్‌లో నిలువుగా ఇరికించి రాశావు చూడు, అక్కడ ఆగిపోయాను. "మొన్న మా చిన్నాన్న కూతురి పెళ్లిలో వీడియో తీసే డ్రోన్ పైకి లేవగానే నేనూ అమ్మా ఇద్దరం లేచి ఇంట్లోకి వెళ్లిపోయాం. ఎందుకు వెళ్లామో ఒకరినొకరం అడగలేదు."

మిగతా ఉత్తరమంతా అమరావతి రాజధాని చరిత్ర. 2015లో భూసమీకరణ, 29 గ్రామాలు, 33 వేల ఎకరాలకు పైగా భూమి, ఉద్దండరాయునిపాలెంలో శంకుస్థాపన. 2019 డిసెంబర్ 17న అసెంబ్లీలో మూడు రాజధానుల మాట, మర్నాటి నుంచి మీ అమ్మ నిరసన టెంట్‌లో కూర్చోవడం, 2020లో మీ ఊళ్ల మీద పోలీసు డ్రోన్లు తిరగడం. 2022 మార్చిలో హైకోర్టు తీర్పు. 2024లో ప్రభుత్వం మారడం. అన్నీ సరిగ్గానే రాశావు. అవి పేపర్లలో ఉన్నాయి, రేపు ఎవరు వెతికినా దొరుకుతాయి. పందిట్లోంచి లేచి వెళ్లిన తల్లీకూతుళ్లు మాత్రం నువ్వు రాస్తేనే ఉంటారు.

"అంతా అయిపోయింది, పనులు మొదలయ్యాయి, ఇంకా ఏంటే నీ ఏడుపు అంటున్నారు ఇంట్లో. రాస్తే ఏమొస్తుందో తెలీదు, రాయకపోతే నిద్ర పట్టడం లేదు" అన్నావు. నాకు ఇది బాగా తెలుసు. తెలంగాణ ఏర్పడ్డ 2014 జూన్ 2 వచ్చే అర్ధరాత్రి మా ఊరంతా పటాకులు. నేను కూడా డాబా మీద నిలబడి చప్పట్లు కొట్టాను. ఆ సంతోషం నిజమైనదే. కానీ వారం తిరక్కుండా నాకు చేతులు వణకడం మొదలైంది. 2009 డిసెంబర్ 9 రాత్రి ఢిల్లీ నుంచి ప్రత్యేక రాష్ట్రం ఇస్తామని ప్రకటన రావడం, రెండు వారాలకే, 23న, ఆ మాట మెత్తబడిపోవడం, ఆ తర్వాత నాలుగున్నరేళ్లు ప్రతి రాత్రీ టీవీ ముందు కూర్చోవడం. అప్పుడు లేని వణుకు అన్నీ సర్దుకున్నాక వచ్చింది. గొడవ నడుస్తున్నప్పుడు భయపడే తీరిక ఉండదు బిడ్డా. ఆరేళ్ల కిందటిది ఇప్పుడు నీ నిద్ర పాడుచేయడంలో వింతేమీ లేదు. నువ్వు 13 ఏళ్ల పిల్లగా ఉన్నప్పుడు పక్కన పెట్టిన భయమే అది.

ఆ వణుకు రోజుల్లోనే నా పాత నోటుబుక్కులు తీశాను. ఐదున్నాయి. చాలా పేజీల్లో నినాదాలే, టీవీలో విన్నవే. ఒక్క పేజీ మాత్రం వేరుగా ఉంది. సకల జనుల సమ్మె జరిగిన 2011 సెప్టెంబర్‌లో రాసుకున్నది. 42 రోజులు సాగింది ఆ సమ్మె. బడులు మూతపడ్డాయి, బస్సులు తిరగలేదు, సింగరేణిలో బొగ్గు తీయడం ఆగి కరెంటు కోతలు పెరిగాయి. ఆ పేజీలో ఇంతే ఉంది: "జీతం లేదు. కరెంటు పోయింది. చిన్నోడు కొవ్వొత్తి ముందు చేతులు పెట్టి గోడ మీద నీడతో కుక్కను చేసి చూపించాడు. అత్తమ్మ నవ్వింది." ఐదు నోటుబుక్కుల్లోంచి నా చేతికి దొరికిన కథ అది ఒక్కటే. ఆ గోడ దగ్గర కూర్చుని అత్తమ్మ ఎందుకు నవ్వింది, అంతకుముందు ఎన్ని రోజులుగా నవ్వలేదు, కొవ్వొత్తి ఎవరు తెచ్చారు అని అడుగుతూ పోతే 14 పేజీలు వచ్చాయి. రాయడం అయ్యేసరికి చేతి వణుకు పూర్తిగా పోయిందని చెప్పను. తగ్గింది. అది ఎక్కడి నుంచి వస్తోందో తెలిసింది.

నిజామాబాద్ జైల్లో దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశాడని చదివే ఉంటావు. 1948 నాటి మాట. అప్పటికి ఆయనకు 22, 23 ఏళ్లు, నీ కంటే రెండు మూడేళ్లు పెద్ద, అంతే. మనం ఆ పద్యాల్లోని ధిక్కారాన్ని చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. నేను మాత్రం ఆ బొగ్గుముక్క గురించి ఎక్కువ ఆలోచిస్తాను. కాగితం లేదు, కలం లేదు, గోడ మీది రాత రేపటికి ఉంటుందో లేదో తెలీదు. అయినా ఛందస్సు తప్పకుండా పద్యం కట్టాడు. ఆ గదిలో ఆయన ఇష్టప్రకారం నడిచింది ఆ నాలుగు పాదాలు ఒక్కటే అయి ఉంటుంది. రాత మనకు చేసే మేలు అక్కడుంది అనుకుంటాను. బయట ఏదీ మన చేతిలో లేనప్పుడు, ఏ మాట ముందుండాలి, ఏ మాట వెనకుండాలి అన్నది మన చేతిలో ఉంటుంది. నువ్వు ఒక వాక్యాన్ని నాలుగుసార్లు కొట్టేసి రాస్తున్నంతసేపూ నీ ఊపిరి నిదానంగా ఆడుతుంది. గమనించి చూడు.

ఇప్పుడు నేను చేసిన తప్పులు రెండు చెప్పాలి.

2010లో వరంగల్ పక్క పల్లెలో ఉద్యమం కోసం ఒక పిల్లవాడు ప్రాణం తీసుకున్నాడు. సంతాప సభకు రచయితలం కొందరం వెళ్లాం. వాణ్ణి మోదుగుపువ్వుతో పోల్చి, మంటను వెలుగుగా చేసి నేను కవిత చదివాను. జనం ఏడ్చారు, చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక వాళ్లమ్మ నా దగ్గరికి వచ్చి చేయి పట్టుకుంది. "నీకు కొడుకున్నడా?" అంది. ఉన్నాడు, పదో తరగతి అన్నాను. "గా పిల్లగానికి ఇది సదివి ఇనిపియ్యకు" అంది. ఇంకేమీ అనలేదు. ఆ కవిత ఏ పుస్తకంలోనూ వేయలేదు నేను. చావును అందంగా రాయకు బిడ్డా, ఎంత గొప్ప పని కోసమైనా సరే. మన మాటలు చదివేది నిద్ర పట్టని పిల్లలే. నువ్వూ వాళ్లలో ఒకదానివి కాబట్టి ఇంకో మాట చెబుతాను. రాత డాక్టర్ చేసే పని చేయదు. నెలల తరబడి నిద్ర లేకపోతే డాక్టర్‌కు చూపించుకో. లేదా 14416కు ఫోన్ చెయ్యి, టెలీ మానస్ అంటారు, మనసు బాగోనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైన్, డబ్బులు తీసుకోరు, తెలుగులోనే మాట్లాడతారు. రాయడం ఆపకుండానే ఇదీ చెయ్యి.

రెండో తప్పు గురించి ఇంకా ఎక్కువ బాధపడతాను. మా బడిలో తెలుగు చెప్పే టీచరమ్మది కృష్ణా జిల్లా. పిల్లల నోటుబుక్కుల్లో "వచ్చిండు", "పోయిండు" కనబడితే ఎర్ర పెన్నుతో సున్నా చుట్టేవారు. మా పిల్లలు ఇంట్లో అమ్మ మాట్లాడే మాటే తప్పని నేర్చుకుంటున్నారని నాకు కడుపు మండేది. ఆ కోపంతో కథ రాశాను. పత్రికలో వచ్చింది, మంచి పేరు కూడా వచ్చింది. ఆవిడ చదివారు. స్టాఫ్ రూమ్‌లో నా పక్కన కూర్చుని, "సున్నాలు చుట్టింది నిజమే. నువ్వు రాసిందాంట్లో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ నేను ఆ సున్నాలు చుట్టడానికే పుట్టినట్టు రాశావు" అన్నారు.

నాకు తెలిసినవి ఇంకా ఉన్నాయి. ఆవిడ ఏటా ఇద్దరు పిల్లలకు పరీక్ష ఫీజు కట్టేవారు. ఉద్యమం వేడెక్కాక బస్సులో వాళ్లమ్మ ఫోన్ చేస్తే, యాస బయటపడకుండా గొంతు తగ్గించి, ఊఁ, ఆఁ అని పెట్టేసేవారు. నేను పక్క సీట్లో కూర్చుని చూశాను. చూసీ రాయలేదు, నా వాదన బలం తగ్గుతుందని. మా భాషను చూసి నవ్విన వాళ్ల మీద నా కోపం అప్పుడూ న్యాయమే, ఇప్పుడూ న్యాయమే. అయితే తన మాట బయటికి వినబడకూడదని భయపడే మనిషి నా పక్కనే ఉంటే, ఆ భయం నాకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? 2011 మార్చి 10న, మిలియన్ మార్చ్ రోజు, హైదరాబాద్ ట్యాంక్‌బండ్ మీద కవుల విగ్రహాలు కూలుతుంటే టీవీ ముందు కూర్చున్నాను. ఆ మార్చ్‌కు వెళ్లిన వాళ్లు నా వాళ్లే, పడిపోతున్న కవులూ నా వాళ్లే. ఆ రాత్రి రాసిన పేజీలో రెంటిలో ఒకదాన్ని దాచాను. ఇప్పుడు చదివితే అది నా రాతలా ఉండదు.

అందుకే నీ రెండో పేజీకి వస్తున్నాను. మీ పొలంలో పనికొచ్చే ఆవిడ టెంట్‌కు నాలుగు రోజులు వచ్చి మానేసిందని, "అంతా స్వార్థం" అని రాశావు. ఒకసారి లెక్క చూడు. భూమి ఇచ్చినప్పుడు ఏడాదికి మెట్ట ఎకరానికి 30 వేలు, నీళ్లు పుష్కలంగా ఉండే జరీబు ఎకరానికి 50 వేలు కౌలు అన్నారు. భూమి లేని కూలీ కుటుంబానికి నెలకు 2,500 పింఛను. మీకు ఆ కౌలు ఆలస్యమైనప్పుడల్లా ఇంట్లో జరిగిన గొడవ నువ్వే రాశావు. మరి పొలాలన్నీ పడావు పడి కంప మొలిచాక ఆవిడ ఏ ఊరికి పనికి పోయింది? ఎన్నింటికి ఆటో ఎక్కేది? మీ టెంట్‌లో ఆవిడ ఎక్కడ కూర్చునేది, ముందా, వెనకా? తెలియకపోతే వెళ్లి అడుగు. మీ అమ్మకు జరిగిన అన్యాయం దీంతో ఒక్క పిసరు కూడా తగ్గదు, భయపడకు.

ఇవన్నీ ఇప్పుడే ఫోన్‌లో పెట్టకు. పొద్దున్నే, ఫోన్ ముట్టుకోకముందు ఒక పేజీ రాసి మూసెయ్యి. తిట్టాలనిపిస్తే తిట్లకు వేరే నోటుబుక్కు పెట్టుకో. నేను ఇప్పటికీ పెట్టుకుంటాను. దాన్ని ఎవరికీ చూపించను.

ముందు డ్రోన్ రాయి. పెళ్లి నుంచి మొదలుపెట్టు, 2020కి వెనక్కి పోకు, అదే వస్తుంది. అమ్మ ఇంట్లోకి వెళ్లాక ఏం చేసింది? మంచినీళ్లు తాగిందా, మంచం మీద కూర్చుందా? బయట మేళం వినబడుతూనే ఉందా? ఆ గదిలో మీ ఇద్దరినీ కాసేపు ఉండనివ్వు.

ఇంకొకటి. జరీబు అనే మాట నీ ఉత్తరంలో మూడుసార్లు వచ్చింది. మా వైపు ఆ మాట లేదు. మీ నాయనమ్మను కూర్చోబెట్టి, ఆ చేలో ఏ నెలలో ఏం వేసేవాళ్లు, నీళ్లు ఎట్లా పెట్టేవాళ్లు, ఏ గట్టు మీద ఏ చెట్టుండేది, అన్నీ ఆమె మాటల్లోనే రాసి నాకు పంపు. ఆమె ఎట్లా పలికితే అట్లాగే రాయి, సరిచెయ్యకు.

ఉంటాను. మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మేడమ్