శరీరంలోని పరికరాలకు ధ్వనితో ఛార్జింగ్: ఏ బ్రాంచి చదవాలి?

ప్రశ్న: మా అమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది. వాళ్ల తాతగారికి పేస్‌మేకర్ బ్యాటరీ అయిపోవడంతో మళ్లీ ఆపరేషన్ చేసి మార్చారు. అప్పటి నుంచి, శరీరం లోపలి పరికరాలకు బయటి నుంచే అల్ట్రాసౌండ్‌తో ఛార్జింగ్ చేసే పరిశోధనల గురించి చదువుతూ, అదే తన వృత్తి అంటోంది. దీనికి నిజంగా భవిష్యత్తు ఉందా? బయోమెడికల్ ఇంజినీరింగ్‌లో చేర్పించాలా, ఎలక్ట్రానిక్స్‌లోనా?

జవాబు: నిర్ణయానికి గడువు ఉన్నది మీ రెండో ప్రశ్నకే కనుక దానితోనే మొదలుపెడతాను. మొదటి డిగ్రీగా ఎలక్ట్రానిక్స్ లేదా ఎలక్ట్రికల్ చదివి, బయోమెడికల్‌ను పీజీలో తీసుకోవడమే మేలని నా అభిప్రాయం. అందుకు కారణం ఆ పని స్వభావంలోనే ఉంది.

బయటి నుంచి ఛార్జింగ్ అన్న ఆలోచన కొత్తది కాదు. 1958లో స్వీడన్‌లో ఆర్నే లార్సన్ అనే రోగికి తొలిసారిగా పూర్తిగా శరీరం లోపలే ఉండే పేస్‌మేకర్ అమర్చారు. దాన్ని తయారుచేసిన ఇంజినీరు రూనే ఎల్మ్‌క్విస్ట్, అందులోని నికెల్-కాడ్మియం బ్యాటరీని చర్మం మీద ఉంచిన తీగచుట్టతో, అయస్కాంత ప్రేరణ ద్వారా ఛార్జ్ చేసేలా రూపొందించారు. ఆ తొలి పరికరం కొన్ని గంటలే పనిచేసింది. 1970లలో ఏళ్ల తరబడి నిలిచే లిథియం బ్యాటరీలు రావడంతో పేస్‌మేకర్లకు ఛార్జింగ్ అవసరం తగ్గిపోయింది. ఇప్పుడు నరాలను ప్రేరేపించే పరికరాలను మిల్లీమీటర్ల పరిమాణానికి కుదించి, శరీరంలో లోతుగా అమర్చాలని చూస్తున్నారు. అంత చిన్నవాటిలో బ్యాటరీకి చోటుండదు కాబట్టి పాత ఆలోచన మళ్లీ ముందుకు వచ్చింది. తీగచుట్టల పద్ధతి చర్మం కిందే ఉండేవాటికి చక్కగా పనిచేస్తుంది, వినికిడి కోసం చెవి లోపల అమర్చే కాక్లియర్ ఇంప్లాంటుకు శక్తి అందేది అలాగే. కానీ లోపలి చుట్ట చిన్నదై, దూరం పెరిగేకొద్దీ అందే శక్తి చాలా వేగంగా పడిపోతుంది.

అల్ట్రాసౌండ్ ఉపయోగపడేది సరిగ్గా అక్కడే. మెత్తని కణజాలంలో ధ్వని సెకనుకు సుమారు 1540 మీటర్ల వేగంతో సాగుతుంది కనుక, 1 మెగాహెర్ట్జ్ దగ్గర దాని తరంగదైర్ఘ్యం ఒకటిన్నర మిల్లీమీటరే. అందువల్ల దాన్ని చిన్న బిందువు మీద కేంద్రీకరించవచ్చు. మిల్లీమీటరు పరిమాణంలోని పీజో (ఒత్తిడికి విద్యుత్తు పుట్టించే పదార్థం) ముక్క కూడా ఆ కంపనాన్ని అందుకుని విద్యుత్తుగా మార్చగలదు. ఆ పౌనఃపున్యం దగ్గర ప్రతి సెంటీమీటరుకు సుమారు అర డెసిబెల్ నష్టం అనుకుంటే, 6 సెంటీమీటర్ల లోతుకు వెళ్లేసరికి కూడా దాదాపు సగం శక్తి మిగులుతుంది.

అయితే చర్మానికీ, ధ్వనిని పంపే ట్రాన్స్‌డ్యూసర్‌కూ మధ్య సన్నని గాలిపొర ఉన్నా ధ్వని దాదాపు మొత్తం వెనక్కి తిరిగిపోతుంది. స్కానింగ్ చేసేటప్పుడు జెల్ రాసేది అందుకే. ఎముక ధ్వనిని బాగా పీల్చుకుంటుంది, ఊపిరితిత్తుల్లోని గాలి దాన్ని అడ్డుకుంటుంది. ఊపిరి తీసుకున్నప్పుడల్లా లోపలి పరికరం కొద్దిగా కదిలి, కిరణం గురి తప్పుతుంది. ధ్వని తీవ్రత పెంచితే కణజాలం వేడెక్కుతుంది. రోగ నిర్ధారణ స్కానింగులకు అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పాటించే పరిమితి చదరపు సెంటీమీటరుకు 720 మిల్లీవాట్లు. కానీ కొద్ది నిమిషాల స్కానింగుకూ, రోజూ గంటల తరబడి చేసే ఛార్జింగుకూ భద్రత లెక్క ఒక్కటి కాదు. మీ అమ్మాయి చేయాలనుకుంటున్న పని ఈ చిక్కులను ఒక్కొక్కటిగా విప్పడమే. దానికి తరంగాలు, సిగ్నల్స్, అతి తక్కువ శక్తితో నడిచే సర్క్యూట్లు లోతుగా తెలియాలి. చాలా బయోమెడికల్ డిగ్రీలు ఈ అంశాలను పైపైన ముట్టి వదిలేస్తాయి. శరీర ధర్మశాస్త్రాన్ని తర్వాత నేర్చుకోవచ్చు; గణితంలో వెనకబడితే తర్వాత సరిదిద్దుకోవడం కష్టం.

ఇక భవిష్యత్తు సంగతి. 2016లో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఎలుకల నరం మీద ఉంచిన బ్యాటరీ లేని చిన్న పరికరాన్ని అల్ట్రాసౌండ్‌తో నడిపి, నరాల సంకేతాలను తిరిగి అదే ధ్వని ద్వారా చదివారు. 2025లో ఎఫ్‌డీఏ ఆమోదించిన ఒక గుండె పరికరంలో, ఎడమ జఠరిక లోపల అమర్చిన బియ్యపు గింజంత ఎలక్ట్రోడుకు శక్తి అల్ట్రాసౌండ్ ద్వారానే అందుతుంది. కానీ ఒక్క తేడా మీ అమ్మాయి గమనించాలి: అందులో ధ్వనిని పంపే భాగం కూడా శరీరం లోపలే, బ్యాటరీతో ఉంటుంది, చేరిన శక్తిని నిల్వ చేయకుండా అప్పటికప్పుడే వాడుకుంటుంది. లోతుగా ఉన్న బ్యాటరీని బయటి నుంచి ధ్వనితో నింపే పద్ధతి ఇంకా ఎక్కువగా ప్రయోగశాలల్లోనే ఉంది.

కాబట్టి ఈ ఒక్క పేరు మీదే ఉద్యోగాలు వెతికితే చాలా తక్కువ దొరుకుతాయని స్పష్టంగా చెప్పాలి. పరిశోధన వైపు వెళ్లాలంటే పీహెచ్‌డీ దాకా చదవాలి, అంటే డిగ్రీతో కలిపి దాదాపు పదేళ్లు. దీన్ని మీ ఇద్దరూ ఇప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. అయితే ఆ దారిలో నేర్చుకునే ట్రాన్స్‌డ్యూసర్ డిజైన్, చిప్ డిజైన్, భద్రతా పరీక్షలు వంటివి స్కానింగ్ యంత్రాలకూ, వినికిడి పరికరాలకూ, పేస్‌మేకర్లకూ పనికొస్తాయి. ముఖ్యంగా శరీరంలో అమర్చే పరికరాలకు వర్తించే ఐఎస్‌ఓ 14708 వంటి ప్రమాణాలు తెలిసిన ఇంజినీరుకు విలువ ఎక్కువ, ఈ వైపు చూసే విద్యార్థులు తక్కువ.

కళాశాల ఎంచుకునేటప్పుడు, అక్కడ అల్ట్రాసౌండ్ ప్రయోగశాల ఉందా, నీటి తొట్టెలో హైడ్రోఫోన్‌తో (నీటిలో పనిచేసే మైకు) ధ్వని పీడనాన్ని కొలిచే ఏర్పాటు ఉందా అని తప్పక అడగండి. ఆ కొలతకు హైడ్రోఫోన్‌ను మిల్లీమీటరులో కొంత భాగం చొప్పున జరుపుతూ, వందల బిందువుల దగ్గర విలువలు నమోదు చేయాలి. నీటిలో కరిగిన గాలిని ముందే తీసేయకపోతే బుడగలు కొలతను పాడుచేస్తాయి. ఈ రంగంలో రోజువారీ పని చాలావరకు ఇలాగే ఉంటుంది. ఈ ఓపిక తనకు ఉందో లేదో అమ్మాయికి ఇప్పుడే తెలిస్తే మంచిది.

ఈ వారమే ఒక పని చేయించండి. బజర్లలో వాడే పీజో బిళ్ల ఒకటి తీసుకుని, దాని రెండు తీగలకు చిన్న ఎల్‌ఈడీ కలిపి, చీకట్లో బిళ్లను వేలితో గట్టిగా తట్టమనండి. ఎల్‌ఈడీ ఒక్క క్షణం వెలిగి ఆరిపోతుంది. తర్వాత అదే బిళ్లను ఒకసారి స్పాంజి మీద, ఒకసారి గట్టి బల్ల మీద ఉంచి తట్టి, వెలుగులో తేడా ఎందుకు వచ్చిందో తన మాటల్లో రాయమనండి. అది రాయడానికి పుస్తకాలు తిరగేస్తూ గంటల తరబడి కూర్చుంటే, ఎలక్ట్రానిక్స్ దరఖాస్తు నింపడానికి వెనకాడకండి.