సంచీ పైన ఏం కుట్టాలి, లోపల ఏం పెట్టాలి?

ప్రశ్న: డాక్టరుగారికి నమస్కారం. నేను చీమకుర్తి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. నెలసరి రోజుల్లో వాడే వస్తువులు పెట్టుకోవడానికి, ఎవరిది వారికి ప్రత్యేకంగా ఉండేలా, ఎనిమిది, తొమ్మిది తరగతుల ఆడపిల్లల చేత చిన్న గుడ్డ సంచులు కుట్టించాలనుకుంటున్నాము. ఒక దాత గుడ్డ, దారం ఇస్తామన్నారు. సంచీ మీద 'నెలసరి సిగ్గుపడే విషయం కాదు' అన్న నినాదం, కింద దాత పేరు, వెనుక వైపు పిల్ల పేరు, తరగతి అచ్చు వేయించి మే 28న పంచాలని ఆలోచన. ఇది సరైన పద్ధతేనా? సంచీ ఎలా ఉండాలి? అందులో ఏమేమి పెట్టాలి?
– ఒక ఉపాధ్యాయిని, ప్రకాశం జిల్లా

జవాబు: కుట్టించాలన్న ఆలోచన చాలా మంచిది. అచ్చు వేయించాలన్న ఆలోచన మాత్రం మానుకోండి. ఆ సంచీ రోజూ పుస్తకాలతో పాటు తిరిగేది, బస్సులోనూ ట్యూషన్‌లోనూ చుట్టాల ఇంట్లోనూ బయటికి తీయవలసి వచ్చేది. దాని మీద నినాదం ఉంటే, పదమూడేళ్ల పిల్ల అడగకుండానే మన ప్రచార బోర్డును మోయవలసి వస్తుంది. పేరూ తరగతీ ఉంటే, ఎక్కడైనా జారిపడిన రోజున అది ఎవరిదో అందరికీ తెలిసిపోతుంది, మరునాటి నుంచి ఆ పిల్ల సంచీ తేవడమే మానేస్తుంది. ఇక దాత పేరంటారా, గుడిలో ఫ్యాను రెక్కల మీద పేర్లు రాయించుకునే అలవాటు ఇక్కడిదాకా రాకుండా ఉంటేనే మర్యాద. పైన ఏముండాలన్నది పిల్ల ఇష్టానికి వదిలేయండి. ఒకరు మల్లెమొగ్గ కుట్టుకుంటారు, ఒకరు పేరులోని మొదటి అక్షరం, ఒకరు క్రికెట్ బ్యాటు, ఇంకొకరు అసలేమీ కుట్టుకోరు. తనదనుకున్న వస్తువునే పిల్లలు నెలల తరబడి దగ్గర పెట్టుకుంటారు. ఆరోగ్యం గురించి మనం చెప్పదలచుకున్న మాటలన్నీ సంచీ లోపలికి వెళ్లాలి.

మే 28ని ఎంచుకోవడానికి కారణం మీకు తెలిసే ఉంటుంది. రక్తస్రావం సుమారు ఐదు రోజులు, నెలసరి చక్రం సగటున 28 రోజులు అన్న లెక్కతో ఐదో నెల 28వ తేదీని ప్రపంచ నెలసరి పరిశుభ్రత దినంగా 2014 నుంచి జరుపుతున్నారు. అయితే ఆ రోజున మన బడులకు వేసవి సెలవులు. ఖాళీ బడిలో ఫొటోల కోసం పది మందిని పిలిపించడం కంటే, బడులు తెరిచాక జూన్ చివరలోనో జూలైలోనో రెండు మధ్యాహ్నాలు పిల్లలందరినీ కూర్చోబెట్టి కుట్టించండి. చూపు సూది మీద ఉన్నప్పుడు, ఎదురుగా నిలబెట్టి అడిగితే చెప్పని సందేహాలు వాటంతటవే బయటికి వస్తాయి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం పుట్టింది కూడా ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకోవడానికి కూడిన చోటేనని ఈ సందర్భంలో గుర్తుచేసుకోవచ్చు.

కొలతలు చెబుతాను. మీటరు రవికె గుడ్డలో 22 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు గల ముక్కలు ఐదు వస్తాయి. ఉతికి, ఆరబెట్టిన నూలు గుడ్డ అయితే మంచిది. ముక్క రెండు చివరలనూ అర అంగుళం చొప్పున మడిచి కుట్టాలి. గుడ్డ మంచి వైపు పైకి ఉండేలా పరిచి, రెండు చివరలనూ ఐదేసి అంగుళాలు లోపలికి మడిస్తే నడుమ ఒక అంగుళం ఖాళీ మిగులుతుంది. ఇరుపక్కలా అర అంగుళం లోపలగా కుట్టి, ఖాళీ దగ్గర మిగిలిన అంచును మడిచి టాకా వేసి, తిరగేస్తే ఎదురెదురుగా రెండు జేబులు తయారవుతాయి. మధ్యకు మడిచి ఒక టిచ్ బటన్ పెడితే చాలు, జిప్పు అక్కరలేదు. పువ్వులూ అక్షరాలూ కుట్టుకోవడం మాత్రం ముక్క మడవకముందే, గుడ్డ సాపుగా ఉన్నప్పుడే పూర్తి కావాలి. గొలుసు కుట్టు, కాడ కుట్టు వస్తే సరిపోతుంది.

ఒక జేబులో పొట్లం విప్పని ప్యాడ్లు రెండు, రెండో జేబులో పల్చటి లోదుస్తు ఒకటి, పాత దినపత్రిక ముక్కలు నాలుగు పెట్టాలి. తడిసిన లోదుస్తు ఇంటికి తెచ్చుకోవడానికి పాడైపోయిన గొడుగు గుడ్డతో ఒక చిన్న తిత్తి కుట్టి అందులోనే ఉంచితే, తడి పుస్తకాలకు అంటదు. ఇంటికి రాగానే దాన్ని తీసి ఉతకాలి. మీ వైపు క్వారీల దుమ్ము ఎక్కువ కాబట్టి విడి ప్యాడ్లను సంచీలో వేయకండి. సువాసన పొడులు, కలరా ఉండలు అసలే వద్దు. అవి సున్నితమైన చర్మాన్ని మండిస్తాయి. వాడిన ప్యాడును కాగితంలో చుట్టి బుట్టలో వేయాలి గానీ మరుగుదొడ్డిలో వేయకూడదు. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు కూడా చుట్టి వేయమనే చెప్పాయి. మీ బడి మరుగుదొడ్డిలో మూత ఉన్న బుట్ట లేకపోతే, దాత ఇచ్చే డబ్బులో మొదటి ఖర్చు దానికే కావాలి.

ఇక అన్నిటికన్నా ముఖ్యమైనది చీటీ. అరచేయంత అట్టముక్క మీద ఒక వైపు తేదీలు రాసుకోవడానికి పన్నెండు గళ్లు, రెండో వైపు పిల్ల తన చేతిరాతతో రాసుకున్న కొన్ని వాక్యాలు ఉండాలి. అచ్చు వేసిన కరపత్రం కంటే తాను రాసుకున్నది ఎక్కువగా చదువుతుంది. ప్యాడును నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి, రక్తం తక్కువగా ఉన్నా సరే, మార్చుకోవాలన్నది మొదటి మాట. దీనిలో ఒక చిక్కుంది. మన రాష్ట్రంలో 2021 అక్టోబరులో మొదలైన 'స్వేచ్ఛ' పథకం ప్రకారం ప్రభుత్వ బడుల్లో 7 నుంచి 12 తరగతుల బాలికలకు నెలకు 10 న్యాప్‌కిన్ల చొప్పున నిర్ణయించారు. పగలు మూడు, రాత్రి ఒకటి మార్చుకునే పిల్లకు ఐదు రోజులకు 20 దాకా కావాలి. మిగిలిన వాటికి జనౌషధి కేంద్రాల్లో 2019 నుంచి ఒక రూపాయికి ఒకటి చొప్పున అమ్ముతున్న 'సువిధ' ప్యాడ్ల సంగతి చీటీలో రాయించండి.

రెండో మాట, చక్రం అందరికీ 28 రోజులకే రాదు. ఈ వయసులో 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా, రెండు నుంచి ఏడు రోజులు ఉన్నా సహజమే. 35 రోజులకు వచ్చే పిల్ల తనకేదో జబ్బుందని లోలోపల కుమిలిపోకుండా ఈ ఒక్క వాక్యం కాపాడుతుంది. ఏడు రోజులు దాటి రక్తం పోతున్నా, గంటకు రెండు గంటలకు ఒక ప్యాడు నిండిపోతున్నా, మూడు నెలలు రాకపోయినా, బడికి రాలేనంత కడుపునొప్పి ప్రతి నెలా ఉన్నా డాక్టరుకు చూపించాలి. పదిహేనేళ్లు నిండినా మొదటి నెలసరి రానివారూ చూపించుకోవాలి. ఆయాసం, కళ్లు తిరగడం, పాలిపోవడం రక్తహీనతకు గుర్తులు. బడిలో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్రను అన్నం తిన్నాక వేసుకోవాలి, దాని మీద టీ తాగకూడదు. మాత్ర వేసుకున్నాక మలం నల్లగా వస్తే భయపడనక్కరలేదని కూడా రాయించండి, చాలామంది పిల్లలు ఆ భయంతోనే మాత్రను కిటికీలోంచి పారేస్తారు.

ప్రశ్న: మా అమ్మాయి ఆరో తరగతి, ఇంకా పెద్దమనిషి కాలేదు. ఇటువంటి సంచీ ఇప్పుడే ఇవ్వవచ్చా? రాకముందే ఆ మాట ఎత్తకూడదని, వచ్చాక కూడా గుడ్డే మంచిదని మా అత్తగారు అంటున్నారు.
– ఒక తల్లి, అల్లూరు, నెల్లూరు జిల్లా

జవాబు: ఇప్పుడే ఇవ్వండమ్మా. పదేళ్లకే నెలసరి వచ్చే పిల్లలూ ఉన్నారు, ముందుగా చెప్పినంత మాత్రాన అది ముందుగా రాదు. ఏమీ తెలియని పిల్ల బడిలో రక్తం చూసుకుంటే దెబ్బ తగిలిందనో, ఏదో రోగమనో అనుకుంటుంది. సంచీ మీ అత్తగారి చేతే కుట్టించండి, ఆవిడ చేతిలో సూది ఉన్నప్పుడు మాట తేలిగ్గా కలుస్తుంది.

గుడ్డ విషయంలో ఆవిడ మాటను తీసిపారేయలేము. శుభ్రమైన నూలు గుడ్డను సబ్బుతో ఉతికి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి వాడితే ఏ దోషమూ లేదు. వేరే బట్టల కింద దాచి, గాలి తగలని మూల ఆరేయడమే ప్రమాదం. మన జిల్లాకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎక్కువగా కురుస్తాయి కాబట్టి ఆ నెలల్లో గుడ్డ రెండు రోజులకు గానీ ఆరదు. అప్పుడు ఇస్త్రీ పెట్టి తేమ పోగొట్టండి, లేదా ఆ నెలలకు ప్యాడ్లు వాడించండి. బడి సంచీలో మాత్రం మార్చుకోవడం సులువు కనుక ప్యాడ్లే పెట్టండి. సంచీ ఎక్కడుందో తండ్రికి కూడా తెలిసి ఉండాలి. మీరు ఊళ్లో లేని రోజున బడి నుంచి ఫోను వస్తే వెళ్లవలసింది ఆయనే.

ప్రశ్న: కోవూరులో మా పొదుపు సంఘం వాళ్లం ఈ సంచులు కుట్టి అమ్మాలనుకుంటున్నాము. ప్యాడ్లు కూడా మేమే దూది, గాజుగుడ్డతో చేసి లోపల పెట్టవచ్చా?
– ఒక సభ్యురాలు

జవాబు: సంచులు నిశ్చింతగా కుట్టండి. ప్యాడ్లు మాత్రం పరీక్ష చేయించకుండా అమ్మకండి. పీల్చుకునే శక్తి, శుభ్రత వంటి విషయాల్లో వాటికి ఐఎస్ 5405 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఇంట్లో చేసిన దూది ప్యాడు మడత విడిపోయి పోగులు చర్మానికి అంటుకుంటే, చెడ్డపేరు మీ సంచులకే వస్తుంది. సంచీని ఖాళీగానే అమ్మండి, ఏమేమి పెట్టుకోవాలో రాసిన చీటీ లోపల ఉంచండి. కొనేవారికి కొంత గుడ్డ సాదాగా వదిలి, రెండు రంగుల దారం కండెలు కూడా ఇస్తే ఎవరి పువ్వు వారే కుట్టుకుంటారు. వాడే గుడ్డ రంగు పోయేదైతే ముందే ఉప్పునీళ్లలో నానబెట్టి, ఉతికి చూడండి. నెలకొకసారైనా ఉతకవలసిన సంచీ కదా.