పడవ అడుగుకు మళ్లీ రంగు

ప్రశ్న: మేరీలాండ్‌లోని అన్నాపొలిస్‌లో పాత సెయిల్‌బోట్ కొన్నాను. ఫైబర్ అడుగు నిండా అంటుకుపోయిన నత్తగుల్లల్లాంటి గుల్లలు. పాత రంగు మీదే కొత్త యాంటీఫౌలింగ్ పెయింట్ (గుల్లలు, నాచు అంటకుండా వేసే రంగు) వేయొచ్చా?

జవాబు: ముందు తడిగుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే అది కొద్దికొద్దిగా అరిగే రకం కావచ్చు. దానిమీద గట్టి రకం వేస్తే పెచ్చులూడుతుంది, అరిగే రకమే వేయండి. గుల్లలు గీకాక 80 నంబరు వాటర్ పేపర్‌తో తడిపి రుద్దండి. పొడిగా రుద్దితే లేచే దుమ్ములో రాగి ఉంటుంది. నేనోసారి మాస్కు లేకుండా రుద్ది, రాత్రంతా దగ్గాను. లోహభాగాలు తుప్పు పట్టకుండా అడుగున బిగించే జింకు ముక్కలకు టేపు వేయండి, రంగు పూస్తే అవి పనిచేయవు. వాటర్‌లైన్‌కీ (నీటిమట్టం తాకే గీత) చుక్కాని ముందంచుకీ ఒక కోటు ఎక్కువ. నేనైతే కింద ఎరుపు, పైన నీలం వేస్తాను. నీలం అరిగి ఎరుపు కనబడిందా, మళ్లీ డబ్బా తెరవాల్సిందే.