టెక్ సందేహాలు: వెల్డింగ్ మెషిన్ పెడితే ఎంసీబీ పడిపోతోంది

ప్రశ్న: ఇంటి గేటు, మెట్ల రెయిలింగ్ నేనే చేసుకుందామని ఆన్‌లైన్‌లో 200 ఆంప్స్ ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్ కొన్నాను. ఏసీ పాయింట్‌కి పెట్టి 3.15 ఎంఎం రాడ్డుతో మొదలుపెడితే కాసేపటికే ఎంసీబీ పడిపోతోంది. 20 ఆంప్స్‌ది తీసి 32 పెడితే చాలంటున్నాడు ఎలక్ట్రీషియన్. పెట్టించమంటారా?

జవాబు: ఎంసీబీ ఒక్కటే మార్చించకండి. లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే ఆ స్విచ్ గోడలోని వైరు కాలిపోకుండా పెట్టింది. వైరు పాతదే ఉంచి ఎంసీబీ పెంచితే, ఓవర్‌లోడ్ అయినప్పుడు ముందు కాలేది వైరే, అదీ పైపులో, మీకు కనిపించకుండా.

మెషిన్ మీద రాసిన 200 ఆంప్స్ రాడ్డు దగ్గర వచ్చే కరెంటు. అక్కడ వోల్టేజీ పాతిక అటూ ఇటూ ఉంటుంది కాబట్టి 230 వోల్టుల లైను నుంచి లాగేది అంతకన్నా చాలా తక్కువ. 3.15 రాడ్డుకు 120 ఆంప్స్ పెడితే చవక మెషిన్లు లైను నుంచి సుమారు 22 ఆంప్స్ లాగుతాయి. మీ ఎంసీబీ పడటం న్యాయమే! అదే 2.5 ఎంఎం రాడ్డు, 80 ఆంప్స్ అయితే లైను నుంచి లాగేది 13, 14 ఆంప్స్‌కి మించదు. గేటు పైపులకు అది చాలు. మధ్యమధ్యలో ఆపుతూ చేసుకుంటే ఇప్పుడున్న పాయింటుతోనే, వైరింగ్ బాగుంటే, పని అయిపోతుంది. (స్విచ్ వేసిన క్షణంలోనే పడిపోతే కథ వేరు. అప్పుడు బి-టైప్ (స్విచ్ వేయగానే వచ్చే కరెంటు పోటుకే పడిపోయేది) ఎంసీబీ ఉందేమో చూసి, అదే రేటింగ్‌లో ఆ పోటును తట్టుకునే సి-టైప్ వేయించాలి.)

లావు రాడ్డే కావాలంటే మీటరు బోర్డు నుంచి విడిగా లైను లాగించండి. 6 స్క్వేర్ ఎంఎం కాపర్ వైరు, 32 ఆంప్స్ సి-టైప్ ఎంసీబీ, 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను ఆపేసేది), చివర 32 ఆంప్స్ ఇండస్ట్రియల్ సాకెట్. ఆ లైనుకు మామూలు 16 ఆంప్స్ సాకెట్ బిగిస్తే మళ్లీ మొదటికొస్తాం. ముందుగా కరెంటు బిల్లులో కాంట్రాక్టెడ్ లోడ్ (మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు) చూసుకోండి. ఒకటి రెండు కిలోవాట్లే ఉంటే డిస్కంకు అర్జీ పెట్టి పెంచుకోవాలి.

ఎర్తింగ్ విషయంలో మాత్రం మొహమాటం వద్దు. ప్లగ్గులో మూడో పిన్ను నిజంగా ఎర్త్ గుంత దాకా వెళ్తోందో లేదో మీటరుతో చూపించమనండి. న్యూట్రల్‌నే ఎర్త్‌కు కలిపేసి "అయిపోయింది సార్" అనేవాళ్లు ఉన్నారు. మెషిన్ నుంచి వచ్చి ఇనుముకు పెట్టే క్లాంపు ఈ ఎర్తింగ్‌కు బదులు కాదు. దాన్ని అతుకు వేసే ముక్కకే, దగ్గరగా బిగించండి. ఎక్కడో దూరంగా తగిలిస్తే కరెంటు తిరిగి వెళ్లే దారి వెతుక్కుంటూ ఇంటి ఎర్త్ వైరు మీదుగా వెళ్లి దాన్ని కాల్చేయగలదు.

ఎక్స్‌టెన్షన్ వాడితే చుట్ట మొత్తం విప్పి పరచండి. చుట్టగా ఉంటే వేడి బయటికి పోక పైతొడుగు కరుగుతుంది.

ప్రశ్న: కరెంటు పోతే ఇంటి ఇన్వర్టర్ బ్యాటరీ మీద వెల్డింగ్ చేయొచ్చా?

జవాబు: కుదరదు. ఇళ్లలో ఎక్కువగా ఉండేవి 1000 వీఏ అటూ ఇటూ. సన్న రాడ్డుకే 3000 వీఏ కావాలి. కరెంటు వచ్చేదాకా ఆగండి.