పెద్ద పండక్కి 17 మంది ఇంటికి భోజనం: ముందు ఆ ఇంటి మామ్మగారిని అడగండి

మీ వీధి చివర ఇంట్లో 17 మంది ఉన్నారని, ఇద్దరన్నదమ్ముల సంపాదన మీద నడిచే ఇల్లని, అందులో పెద్దాయన పనిలో పడిపోయి కాలు విరిగి నాలుగు నెలలుగా మంచం మీదే ఉన్నాడని రాశారు. ఇరుగుపొరుగు నలుగురు కలిసి 6,000 రూపాయలు పోగు చేశారు. ఈ పెద్ద పండక్కి, అంటే సంక్రాంతికి, వాళ్ళకి కడుపునిండా భోజనం పెట్టాలి, కేటరింగ్‌కి చెప్పాలా, మేమే వండి పట్టుకెళ్ళాలా, ఏది ఎంత కావాలి అని అడిగారు.

రెండూ వద్దండి. సరుకులు కొనివ్వండి, వాళ్ళింట్లో వాళ్ళనే వండుకోనివ్వండి. అంతకంటే ముందు ఆ ఇంట్లో పెద్దావిడని అడగండి. ఒకసారి తప్పు చేశాక తెలిసింది నాకీ సంగతి, అందుకే ఆ తప్పేంటో ముందు చెప్తాను.

2019 సంక్రాంతికి మేం విశాఖ కంచరపాలెంలో ఉండేవాళ్ళం. మా ఎదురు వరసలో ఒక ఇల్లు, 14 మంది. ఇంటాయన కాంట్రాక్టు పని పోయి మూడు నెలలైంది. మా మూడిళ్ళవాళ్ళం డబ్బులేసుకుని సంక్రాంతి మధ్యాహ్నానికి 14 భోజనం పార్సిళ్ళు చెప్పాం. పులిహోర, అన్నం, సాంబారు, రెండు కూరలు, ఒక స్వీటు. పన్నెండున్నరకి నేనూ మా ఆయనా పట్టుకెళ్ళాం. పిల్లలు కవర్ల చుట్టూ మూగారు. మామ్మగారు మాత్రం విప్పనివ్వలేదు.

గోడవార ఒక స్టీలు గిన్నె మీద పళ్ళెం బోర్లించి ఉంది. ఆవిడ పళ్ళెం తీస్తే లోపల రుబ్బిన మినప్పిండి, మహా అయితే పావుకిలో పప్పుది. పొయ్యి మీద మూకుట్లో నూనె అడుగున మాత్రమే ఉంది, గారె వేస్తే సగం కూడా మునగట్లేదు. ఒక్కొక్కటే వేసి, మూకుడు ఒక పక్కకి వంచి, ఆ నూనెనే గరిటెతో గారె మీద పోస్తూ కాల్చింది. అలా ఐదు గారెలు. వాటిని ఆకులో పెట్టి, పక్కన ఒక కొత్త తువ్వాలు మడతపెట్టి, తాతగారి ఫొటో ముందు దీపం వెలిగించింది. "ఆయనకి గారెలంటే ఇష్టం అమ్మా. ఆయనకి పెట్టకుండా మనమెలా తింటాం" అంది. ఆ తర్వాతే పిల్లల చేతికి పార్సిళ్ళు వచ్చాయి.

నేను ఇంటికొచ్చి చాలాసేపు ఏడ్చాను. ఆ పార్సిళ్ళకి పెట్టిన డబ్బుతో ఆ ఇంట్లో మూడు రోజుల పండగా నడిచేది. ఆవిడకి ఆ పూట కావలసింది ఒక లీటరు నూనె. మేం అడగలేదు, అందుకే మాకు తెలియలేదు.

మన విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం వైపు సంక్రాంతి అంటే పెద్దల పండగ కూడా కదా. పోయినవాళ్ళకి బట్టలు పెట్టి, వాళ్ళకి ఇష్టమైనవి వండి, ఆకు వేసి, అప్పుడు ఇంట్లోవాళ్ళు తింటారు. చాలా ఇళ్ళల్లో బయటి నుంచి వచ్చిన వంట ఆ ఆకులో పెట్టరు. అందుకే మీరు ఎంత ప్రేమగా వండి తీసుకెళ్ళినా, ఆ ఇంటికి అది తిండి అవుతుంది గానీ పండగ అవ్వదు.

కాబట్టి భోగికి కనీసం నాలుగు రోజుల ముందు మీలో ఒక్కరు వెళ్ళండి. నలుగురూ కలిసి వెళ్ళొద్దు, వీధంతా చూస్తుంది. ఆడవాళ్ళెవరైనా వెళ్తే మరీ మంచిది. "మామ్మగారూ, మేం పండగ సరుకులు తెచ్చుకుంటున్నాం, ఈసారి మీకూ కలిపి తెద్దామనుకుంటున్నాం. మీరు పెద్దలకి ఏం పెడతారు? కనుమకి ఏం చేసుకుంటారు?" అని అడగండి. "ఏం కావాలి" అని అడిగితే "ఏమీ వద్దు తల్లీ" అనే అంటారు. "ఏం పెడతారు" అని అడిగితే నోరు విప్పుతారు. రెండో ఏడు నేను అలా అడిగినప్పుడే గుమ్మడికాయ పులుసు, పరమాన్నం, గారెలు అని గడగడా చెప్పేసింది ఆవిడ. అత్తారింటి నుంచి కూతురు, అల్లుడు వస్తున్నారన్న సంగతి కూడా అప్పుడే బయటపడింది. ఆవిడ టెన్షన్ అంతా అదే.

ఇంకో రెండు సంగతులు కూడా అక్కడే కనుక్కోండి. ఒకటి గ్యాస్. అందరూ బియ్యం, పప్పు గురించి ఆలోచిస్తారు, సిలిండర్ గురించి ఎవరూ అడగరు. 17 మందికి పిండివంటలతో సహా మూడు రోజులు వండాలంటే సగం సిలిండర్ మీద ధైర్యం చాలదు. అయిపోవచ్చేలా ఉంటే మీ 6,000లో మొదటి ఖర్చు అదే పెట్టండి, బుకింగ్ కూడా ముందే చేయించండి. రెండోది గిన్నెలు. రోజూ తలా కాస్త వండుకునే ఇంట్లో మూడు కిలోల అన్నం వార్చే గుండిగ ఉండకపోవచ్చు. మీ ఇళ్ళల్లో ఉన్నవి ఇవ్వండి, లేదంటే టెంట్ హౌస్‌లో అద్దెకి దొరుకుతాయి. ఒక పెద్ద మూకుడు, చిల్లుల గరిటె మర్చిపోవద్దు. గారెల పిండి మిక్సీలో రుబ్బితే నీళ్ళు ఎక్కువై జారిపోతుంది, అంత పిండి రుబ్బేసరికి మిక్సీ కూడా వేడెక్కిపోతుంది. మీలో ఎవరింట్లోనైనా గ్రైండర్ ఉంటే ఆ రోజుకి అది అక్కడ పెట్టించండి.

ఇక లెక్కలు. మనుషులు 17 మంది అయినా సరుకు 20 మందికి వేసుకోండి. పండగ పూట ఎవరో ఒకరు గుమ్మంలోకి వస్తారు. రాకపోయినా ఆ మిగులు అక్కర్లోకే వస్తుంది. అలాంటి ఇళ్ళల్లో వండిన కోడళ్ళే ఆఖర్న కూర్చుంటారు, లెక్క సరిగ్గా 17కే వేస్తే వాళ్ళకి మిగిలేది గిన్నె అడుగు.

సంక్రాంతి రోజుకి బియ్యం మొత్తం నాలుగు కిలోలు సరిపోతాయి. తెల్లన్నానికి రెండు కిలోలు, పులిహోరకి కిలోన్నర, పరమాన్నానికి అర కిలో. రేషన్ బియ్యం ఇంట్లో ఉంటే తెల్లన్నానికి అవే వాడుకుంటారు. పులిహోరకి మాత్రం పాత బియ్యం కొనండి, మెతుకు విడివిడిగా వస్తుంది. కిలోన్నర పులిహోరకి 150 నుంచి 200 గ్రాముల చింతపండు, పావుకిలో వేరుశనగ గుళ్ళు, పోపు సామాను చాలు. పరమాన్నానికి రెండు లీటర్ల పాలు, ముప్పావు కిలో బెల్లం. మనకి అనకాపల్లి పక్కనే ఉంది కాబట్టి మంచి బెల్లానికి కొరత లేదు. బెల్లం కరిగించి వడగట్టి, పరమాన్నం పొయ్యి మీంచి దించి కాస్త చల్లారాక కలపమని చెప్పండి. ఉడుకుతున్న పాలల్లో వేస్తే విరిగిపోతాయి. ఈ మాట ఆవిడకి మనం చెప్పక్కర్లేదనుకోండి, కొత్త కోడళ్ళు ఉంటే పనికొస్తుంది.

ముక్కల పులుసుకి కిలోన్నర గుమ్మడికాయ ముక్క, కిలో చిలగడదుంపలు, నాలుగు మునక్కాడలు, అర కిలో ఉల్లిపాయలు, కాసిని వంకాయలు, బెండకాయలు. ఒక పెద్ద గుండిగ నిండుతుంది, సాయంత్రానికి ఇంకా రుచిగా ఉంటుంది. చిక్కుడుకాయ వంకాయ కూరకి రెండూ కలిపి మూడు కిలోలు. కందిపప్పు ఒక కిలో. పెరుగుకి రెండు లీటర్ల పాలు ముందురోజు రాత్రే తోడు పెట్టుకునేలా ఇవ్వండి. కూర ఇంకోటి కావాలా అంటే నా మటుకు అక్కర్లేదు. నాలుగు కూరలు తలా ఒక గరిటె కంటే రెండు కూరలు అడిగినంత వడ్డించడమే పండగ.

అసలు ఖర్చు కనుమది. "కనుమ నాడు మినుము తినాలి" అంటారు కదా, గారెలు లేకుండా ఆ రోజు గడవదు. కిలో మినపప్పుకి ఓ మోస్తరు సైజులో 60 దాకా గారెలు వస్తాయి. కనుమకి కిలోన్నర, ముందురోజు పెద్దల ఆకులోకి అర కిలో, మొత్తం రెండు కిలోలు తీసుకోండి. నూనె మూడు లీటర్లకి తగ్గొద్దు. కోడికూరకి నాలుగు కిలోల మాంసం. నాటుకోడే కావాలంటే మీ డబ్బులో చాలా భాగం అక్కడే అయిపోతుంది. మామూలు కోడి తీసుకుని పులుసు పల్చగా, ఎక్కువగా పెట్టుకోమనండి, గారెల్లోకి అదే కావాలి. ఆ ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే కోడి ముందురోజు కొనకూడదు. కనుమ పొద్దున షాపుల ముందు జనం ఎలా ఉంటారో మీకు తెలుసు, కాబట్టి తెలిసిన షాపులో రెండు రోజుల ముందే డబ్బు కట్టి ఆరున్నరకల్లా వస్తామని చెప్పుకోండి. ఒకవేళ వాళ్ళది జాలరిపేట వైపు కుటుంబమైతే చేపే కావాలనొచ్చు, అప్పుడు ఈ లెక్క వదిలేసి వాళ్ళు చెప్పింది తీసుకోండి.

పప్పులు, బెల్లం, చింతపండు, నూనె పూర్ణా మార్కెట్లో ఒకేచోట తీసుకోండి, ఇంత సరుకుకి వీధి కొట్టు మీద తేడా బాగానే కనిపిస్తుంది. కూరగాయలు మాత్రం భోగి రోజు పొద్దున్నే రైతుబజార్లో. కంచరపాలెం, సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, ఏది దగ్గరైతే అది. ఎనిమిది దాటాక వెళ్తే చిక్కుళ్ళు ముదురువే మిగులుతాయి. అరిటాకులు కూడా ఆ రోజే.

అరిసెలు, పోకుండలు చేయించాలని మీకు అనిపించొచ్చు. వాళ్ళు అడిగితేనే. బియ్యం నానబెట్టి, తడిపిండి కొట్టించి, పాకం పట్టేది ఒక రోజు పని, మంచం మీద మనిషి ఉన్న ఇల్లు అది. దాని బదులు మీ నలుగురిళ్ళల్లో చేసుకునేవాటిలోంచి తలా ఒక డబ్బా ఇవ్వండి. పండక్కి ఇరుగుపొరుగు ఇచ్చుకోవడం ఎప్పుడూ ఉన్నదే, అందులో ఎవరికీ చిన్నతనం లేదు.

నా అంచనాలో సిలిండర్‌తో సహా ఇదంతా 5,000 లోపే అవ్వాలి. మిగిలినదాంతో పెద్దలకి పెట్టడానికి ఒక పంచె గానీ చీర గానీ, వాళ్ళు ఏది పెడతారో అడిగి కొనండి. ఇంకా మిగిలితే మామ్మగారి చేతికే ఇచ్చెయ్యండి, దేనికని అడక్కండి.

వండి తీసుకెళ్ళడమే సరైన పని అయ్యే ఇళ్ళు కూడా ఉంటాయి. వండే మనిషే జబ్బుపడిన ఇల్లు, పొయ్యే లేని ఇల్లు. అలాంటప్పుడు కూడా పెద్దల ఆకులోకి కావలసిన ఆ ఒక్కటీ వాళ్ళ చేత్తో చేసుకునేలా సామాను విడిగా ఇవ్వండి.

కూరగాయలు, కోడి లాంటి ఏ రోజుకారోజు కొనేవి తప్ప మిగతా సరుకులు భోగి ముందురోజు సాయంత్రం దీపాలు పెట్టేవేళకి చేర్చండి. ఆటోలోంచి దించి లోపల పెట్టేసి వచ్చెయ్యండి. ఫొటోలు తీయొద్దు, మీ నలుగురి గ్రూపులో పెట్టుకోడానికైనా సరే. ఆ ఇంట్లో బడికెళ్ళే పిల్లలున్నారు, అదే వీధిలో మీ పిల్లలతోనే ఆడుకుంటారు.

భోజనానికి పిలుస్తారు, తప్పకుండా పిలుస్తారు. వెళ్ళి కూర్చుని తినండి. "మాకెందుకు, మీరు తినండి" అని లేచి రావద్దు. ఆ రెండో ఏడు కనుమ మధ్యాహ్నం నేను వాళ్ళింట్లో పీట మీద కూర్చుని నాలుగు గారెలు తిన్నాను, ఐదోది నేను వద్దన్నా మామ్మగారు వేసింది. ముక్కనుమ నాడు గుండిగ తెచ్చుకోవడానికి వెళ్తే తోమి, తుడిచి, అడుగున జంతికలు పోసి ఇచ్చింది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదట. మీకూ ఏదో ఒకటి పెట్టి ఇస్తారు, తెచ్చుకోండి.