వరిలో ట్రైకోకార్డులా, పురుగుమందులా: రెండింటితోనూ దెబ్బతిన్నాక నాకు తెలిసింది

వరిలో ట్రైకోకార్డులు (ట్రైకోగ్రామా అనే మేలుచేసే బుల్లి కందిరీగలను పొలంలో వదిలే కార్డులు), వేపనూనె లాంటివి నిజంగా పనిచేస్తాయా, లేక మందు కొట్టుకోవడమే నయమా అని అడిగారు. నేను రెండూ వాడాను, రెండింటితోనూ దెబ్బతిన్నాను.

మొదటిది మందుతో. నాటిన నెలకే ఆకుముడత కనబడితే కంగారుపడి సింథటిక్ పైరిత్రాయిడ్ రకం పురుగుమందు కొట్టాను. రెండు రోజుల్లో పురుగు పోయింది, నాకు సంతోషం. పైరు పొట్ట దశకు (కంకి ఇంకా కాండంలోపలే ఉండే దశ) వచ్చేసరికి మడి మధ్యలో గుండ్రంగా ఎండిపోవడం మొదలైంది. అది సుడిదోమ, మొదళ్ల దగ్గర చేరి రసం పీల్చే దోమ. దుబ్బులు విడదీసి చూస్తే నీటికి కాస్త పైన, మొదళ్ల చుట్టూ కుప్పలుగా ఉంది. సాలీడన్నది ఒక్కటీ కనబడలేదు. దోమను తినే సాలీళ్లు, దాని గుడ్లను పీల్చేసే మిరిడ్ నల్లులు నేను కొట్టిన మందుకే పోయాయి. దోమ గుడ్లు మాత్రం ఆకు తొడుగుల లోపల భద్రంగా ఉండిపోయాయి. యూరియా కూడా కాస్త ఎక్కువే వేశాను, అదీ దోమకు కలిసొచ్చింది. ఇది నా ఒక్కడి అనుభవం కాదు. ఇండోనేషియా 1986లో వరి మీద 57 రకాల పురుగుమందులను నిషేధించింది, ముఖ్యంగా ఈ దోమ బెడదతోనే.

మరుసటి పంటకు మందు ముట్టనని పట్టుబట్టాను. కాండం తొలిచే పురుగుకి మొవ్వులు చచ్చిపోవడం చూశాక ట్రైకోకార్డులు కట్టాను. ఏం లాభం? ట్రైకోగ్రామా చేసేది కాండం పురుగు పెట్టిన గుడ్లలో తన గుడ్లు పెట్టడం, అంతే. అప్పటికే కాండంలోకి దూరిన పురుగును అదేమీ చేయలేదు. ఇప్పుడైతే ముందే లింగాకర్షక బుట్టలు (ఆడ పురుగు వాసనతో మగ రెక్కల పురుగులను రప్పించి పట్టేవి) పెడతాను, రెక్కల పురుగులు పడటం మొదలవగానే కార్డులు కడతాను, వారం వారం మళ్లీ కడతాను. సాయంత్రం పూట, ఆకు అడుగున. కార్డులు కట్టిన రోజుల్లో పురుగుమందు ఏదీ కొట్టను, కొడితే మనం వదిలినవే ముందు చస్తాయి.

వేపనూనె మీద నాకు పెద్ద ఆశ లేదు. పురుగు తక్కువగా ఉంటే ఫరవాలేదు, ఉధృతిలో చేతులెత్తేస్తుంది.

అలాగని మందు మానేయలేదు. దోమ మితిమీరితే ముందు నీళ్లు తీసేసి, పైమెట్రోజిన్ లాంటి దోమ మందునే దుబ్బుల మొదళ్లు తడిసేలా కొడతాను. పైపైన ఆకుల మీద కొట్టి మందు పనిచేయలేదంటే ఎలా? నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల కాలిబాట వదిలితే గాలి ఆడుతుంది, మొదళ్ల దాకా మందు కొట్టడం కూడా సులువు. ఇక కాండం పురుగుకి మందు వేయాలంటే పొట్ట దశ దాటకముందే. తెల్ల కంకులు బయటపడ్డాక ఏం వేసినా ఆ కంకి నిండదు.

మీ పైరు ఏ దశలో ఉందో రాయలేదు. ఇంకా పిలకల దశే అయితే నాలుగు ఆకులు ముడుచుకున్నాయని టెన్షన్ పడి ఏదీ కొట్టకండి, ఈ దశలో పైరు తనంతట తానే కోలుకుంటుంది. ముందు ఓ పది దుబ్బులు విడదీసి దోమలెన్నో, సాలీళ్లెన్నో లెక్కపెట్టి ఇక్కడ రాయండి.