మూడు లక్షలిస్తాం, సంతకం పెట్టమంటున్నారు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం రోడ్డు ప్రమాదాల గురించే. నాలుగింటికే ఇక్కడ చోటు దొరికింది. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది, ఏమీ అనుకోకండి. రాసినవాళ్ల పేర్లు, ఊళ్లు ఇవ్వడం లేదు.

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది మార్కాపురం వైపు ఒక పల్లె. మా ఆయన తాపీ మేస్త్రి, వయసు 34. హైదరాబాద్‌లో పనులు చేసేవాడు. నాలుగు నెలల కిందట శంషాబాద్ దగ్గర పని ముగించుకుని బైక్ మీద వస్తుంటే వెనక నుంచి లారీ గుద్దింది. అక్కడికక్కడే పోయాడు. పిల్లలకు ఏడేళ్లు, నాలుగేళ్లు. వాళ్లను తీసుకుని నేనూ అత్తమ్మా ఊరికి వచ్చేశాం. లారీ ఓనర్ మనుషులు మా ఊరి పెద్దమనిషిని వెంటబెట్టుకుని వచ్చారు. మూడు లక్షలు ఇస్తారట, స్టాంపు కాగితం మీద సంతకం పెట్టాలట. కేసు వేస్తే పదేళ్లు హైదరాబాద్ చుట్టూ తిరగాలని భయపెడుతున్నారు. ఆయన రోజుకు ఎనిమిది వందలు తెచ్చేవాడు, రుజువుకు కాగితం లేదు. హెల్మెట్ కూడా పెట్టుకోలేదు. అత్తమ్మేమో 'కొడుకు పేరు చెప్పుకుని డబ్బులు తింటామా' అని ఏడుస్తోంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, సంతకం పెట్టకండి. పెద్దమనిషి ఎంత మంచివాడైనా సరే, పెట్టకండి.

ముందుగా ఒక సంగతి. లారీకి ఇన్సూరెన్స్ ఉండి, డ్రైవర్‌కు సరైన లైసెన్సు ఉంటే, మీకు రావాల్సిన డబ్బు ఓనర్ జేబులోంచి పోదు. ఇన్సూరెన్స్ కంపెనీ కడుతుంది. అలాంటప్పుడు ఆయన ఇంత దూరం మనుషుల్ని ఎందుకు పంపినట్టు? నా అనుభవంలో దీనికి రెండే కారణాలు. ఒకటి, డ్రైవర్ మీద క్రిమినల్ కేసులో మీవాళ్లు సాక్ష్యం చెప్పకుండా చూసుకోవడం. రెండోది, కాగితాల్లో ఎక్కడో లోటు ఉండటం. పాలసీ అయిపోయి ఉండొచ్చు, లైసెన్సు చెల్లనిది కావచ్చు. లైసెన్సు లోటైతే చాలా కేసుల్లో కోర్టు ముందు కంపెనీతోనే మీకు కట్టించి, తర్వాత ఓనర్ దగ్గర వసూలు చేసుకోమంటుంది. పాలసీయే లేకపోతే మాత్రం ఓనరే కట్టుకోవాలి. అందుకే ఈ రోజే లారీ నంబరు ఎంపరివాహన్ అనే ప్రభుత్వ యాప్‌లో కొట్టి చూడండి. ఇన్సూరెన్స్ ఏ తేదీ వరకు ఉందో కనిపిస్తుంది.

ఇక గడువు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణ ప్రకారం ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోపు క్లెయిమ్ వేయాలి. ఈ గడువును సుప్రీంకోర్టులో సవాలు చేశారు గానీ, ఆ ధైర్యంతో మీరు ఆగొద్దు. మీ చేతిలో ఇంకా రెండు నెలలున్నాయి. పోలీసులు తొంభై రోజుల్లో పూర్తి ప్రమాద నివేదికను ట్రిబ్యునల్‌కు, అంటే ప్రమాద పరిహారం కేసులు చూసే కోర్టుకు పంపాలని కూడా నిబంధన ఉంది. దాన్ని నమ్ముకుని కూర్చోకుండా మీ పిటిషన్ మీరు వేసుకోండి.

హైదరాబాద్ చుట్టూ తిరగాలన్నది ఉత్త బెదిరింపు. మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ ప్రకారం ప్రమాదం జరిగిన చోటే కాదు, బాధితులు నివసించే చోట కూడా కేసు వేయొచ్చు. ప్రమాదం తెలంగాణలో జరిగినా మీ దగ్గరి ట్రిబ్యునల్‌లోనే వేసుకోండి. శంషాబాద్ వైపు స్టేషన్ నుంచి తెచ్చుకోవాల్సినవి ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్ట్‌మార్టం రిపోర్టు, బండ్లను పరీక్షించిన ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, చార్జిషీటు. ఇక్కడ తహసీల్దారు ఆఫీసు నుంచి కుటుంబ సభ్యుల సర్టిఫికెట్. డ్రైవర్ మీద కేసు రేపు కొట్టేసినా మీ పరిహారం కేసు ఆగదు. క్రిమినల్ కోర్టుకు కావాల్సినంత గట్టి రుజువు ట్రిబ్యునల్‌కు అక్కర్లేదు.

ఇప్పుడు లెక్క. ఆ మూడు లక్షలు ఎంత తక్కువో తెలియాలి కాబట్టి అంకెలతో సహా చెబుతాను. 2009 నాటి సరళా వర్మ తీర్పు, 2017 నాటి ప్రణయ్ సేఠీ తీర్పు, సుప్రీంకోర్టు ఇచ్చిన ఈ రెండిటితోనే దేశమంతా లెక్క కడతారు. మీ ఆయన ఆదాయం నెలకు 15,000 అని కోర్టు ఒప్పుకుందనుకుందాం. ఏడాదికి 1,80,000. నలభై ఏళ్ల లోపు సొంత పని చేసుకునేవాడు కాబట్టి ముందు ముందు పెరిగే సంపాదన కింద నలభై శాతం కలుపుతారు, 2,52,000 అవుతుంది. ఆయన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. 31 నుంచి 35 ఏళ్ల వాళ్లకు దాన్ని 16తో గుణిస్తారు. 30,24,000.

దీనికి తోడు భర్తను, తండ్రిని, కొడుకును పోగొట్టుకున్నందుకు మనిషికి ఇంత అని ఇస్తారు. 2017లో అది 40,000. మూడేళ్లకోసారి పది శాతం పెంచమన్నారు కాబట్టి 2023 చివరి నుంచి 48,400. నలుగురికీ 1,93,600. అంత్యక్రియలకు, ఆస్తి నష్టానికి 18,150 చొప్పున. అన్నీ కలిపితే 32 లక్షల 53 వేల 900. పిటిషన్ వేసిన నాటి నుంచి వడ్డీ అదనం. ఆదాయం నెలకు 12,000 మాత్రమే ఒప్పుకున్నా పైన 30,24,000 అన్న అంకె 24 లక్షలు దాటుతుంది.

నాలుగో వంతు ఎందుకంటే మీ అత్తగారితో కలిపి ఆయన మీద ఆధారపడ్డవాళ్లు నలుగురు. నలుగురి నుంచి ఆరుగురి దాకా ఉంటే నాలుగో వంతు తీస్తారు, ఇద్దరు ముగ్గురే అయితే మూడో వంతు. అత్తగారిని పిటిషన్లో కలపకపోతే అదే 30,24,000 కాస్తా 26,88,000కు దిగిపోతుంది. అత్తాకోడళ్ల మధ్య దూరం పెంచి, వేర్వేరు వకీళ్ల దగ్గరికి పంపించే చుట్టాలు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. వాళ్ల మాట వినకండి.

ఆదాయానికి కాగితం లేదన్నారు. మేస్త్రీలకు జీతం చీటీలు ఉండవని జడ్జీలకు తెలుసు. ఆయన ఫోన్ పారేయకండి, సిమ్ ఆపేయకండి. కాంట్రాక్టర్ ఫోన్‌పేలో వేసిన కూలి డబ్బులు అందులోనే ఉంటాయి. లేబర్ కార్డు, బైక్ లోన్ కిస్తీలు, చిట్టీ పుస్తకం, బ్యాంకు పాస్‌బుక్ అన్నీ ఒక సంచిలో వేయండి. ఆయనతో గోడ కట్టిన తోటి మేస్త్రి ఒకరు బోనెక్కి కూలి రేటు చెబితే అది చాలా బలం. లేబర్ కార్డు ఉంటే భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు సాయానికి విడిగా దరఖాస్తు పెట్టుకోండి. ఎల్ఐసీ డబ్బు వచ్చిందని పరిహారంలో కోయడానికి వీల్లేదు, 1998లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది.

హెల్మెట్ సంగతి కంపెనీ వకీలు తప్పకుండా ఎత్తుతాడు. ఆయన తప్పూ కొంత ఉందని కొంత శాతం తగ్గించమంటాడు. వెనక నుంచి గుద్దిన లారీకి, హెల్మెట్‌కు ఏం సంబంధమని మీ వకీలు అడగాలి. దాచి అబద్ధం చెప్పొద్దు, పంచనామాలో ఉంటుంది.

వకీలు ఫీజు గురించి మా నల్లకోటు వాళ్ల మీదే ఒక మాట. మార్చురీ గేటు దగ్గరే కార్డులిచ్చి, వచ్చినదాంట్లో ఇంత శాతం అని మాట్లాడుకునేవాళ్లున్నారు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం అలా వాటా మాట్లాడుకోకూడదు. ఖాళీ చెక్కుల మీద సంతకాలు అడిగితే అక్కణ్నుంచి లేచి వచ్చేయండి. మహిళలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. 15100కు ఫోన్ చేయండి. పిల్లల వాటాను కోర్టు వాళ్లు పెద్దయ్యే దాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయిస్తుంది. ఆ వాటాను ఊరి అరుగు మీద ఎవరూ రాజీ చేయలేరు, దానికి కోర్టు అనుమతి కావాలి.

మీ అత్తగారికి ఒక సంగతి చదివి వినిపించండి. 1983లో మా నాన్న సైకిల్ మీద సంత నుంచి వస్తుంటే లారీ కిందపడి పోయాడు. నాకప్పుడు పదకొండేళ్లు. పన్నెండో రోజు భోజనాలు కాగానే పెద్దమనుషులు మా అమ్మ చేత ఒక కాగితం మీద వేలిముద్ర వేయించి ఏడు వేలు చేతిలో పెట్టారు. అందులో రెండు వేలు దినం ఖర్చుల అప్పుకే పోయాయి. లా చదివాక ఒకసారి ట్రంకుపెట్టెలో ఆ కాగితం దొరికింది. 'నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా' అని రాసి ఉంది. మా అమ్మకు చదువు రాదు. అందులో ఏముందో ఆ రోజు నేను చదివితేనే ఆమెకు మొదటిసారి తెలిసింది. 'ఇలా రాశారా' అని మాత్రం అంది.

ప్రశ్న: మా అమ్మ రోడ్డు దాటుతుంటే కారు గుద్ది చనిపోయింది. అమ్మ గృహిణి, ఉద్యోగం లేదు కాబట్టి పెద్దగా ఏమీ రాదని తెలిసినవాళ్లు అంటున్నారు. నాన్న, నేను, పెళ్లికాని చెల్లి ఉన్నాం. అమ్మకు 47 ఏళ్లు, ఆధార్‌లో మాత్రం 52 పడింది. అదేమైనా ఇబ్బందా?

జవాబు: బాబూ, ఆ తెలిసినవాళ్లకు తెలిసింది తప్పు. ఇంటిపనికి విలువ కట్టాల్సిందేనని, పెరిగే ఆదాయం కూడా కలపాలని 2021 జనవరిలో కీర్తి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ధర్మాసనంలో ఉన్న మన జస్టిస్ ఎన్.వి.రమణ విడిగా తీర్పు రాస్తూ 2011 జనాభా లెక్కలు ఎత్తి చూపారు. ఇంటిపనే ప్రధాన వృత్తి అని చెప్పిన ఆడవాళ్లు దాదాపు 16 కోట్ల మంది, మగవాళ్లు 58 లక్షలు కూడా లేరు.

మీ అసలు సమస్య ఆధార్. నెలకు 10,000 విలువ కట్టారనుకోండి. 47 ఏళ్లయితే పాతిక శాతం కలిపి, మూడో వంతు తీసి, 13తో గుణిస్తే 13 లక్షలు. 52 ఏళ్లయితే కలిపేది పది శాతమే, గుణకం 11. వచ్చేది 9,68,000. ఒక్క తప్పు తేదీకి 3,32,000 తేడా. ఆధార్ పుట్టిన తేదీకి తిరుగులేని రుజువు కాదని, బడి సర్టిఫికెట్‌ను నమ్మొచ్చని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మ ఏడో తరగతి దాకా చదివినా చాలు. ఆమె పుట్టింటి ఊరి బడికి మీరే వెళ్లి రికార్డు షీటు అడిగి తెచ్చుకోండి. పాత అడ్మిషన్ రిజిస్టర్లు బీరువా అడుగున చెదలు పట్టి ఉంటాయి, హెడ్మాస్టరు గారిని కాస్త బతిమాలాలి.

ప్రశ్న: మా బావను గుద్దిన బండి ఏదో తెలియదు. ఇక చేసేదేమీ లేదా?

జవాబు: గుద్ది పారిపోయిన కేసుల్లో మరణానికి రెండు లక్షలు ఇస్తారు. 2022 ఏప్రిల్‌కు ముందు అది పాతిక వేలే. దీనికి కోర్టు అక్కర్లేదు, ఆర్డీవో లేదా తహసీల్దారు ఆఫీసులో దరఖాస్తు ఇస్తే విచారణ చేసి కలెక్టర్‌కు పంపుతారు. కానీ బండి దొరికితే వచ్చేది దీనికి ఎన్నో రెట్లు. ఆ దారిలో ఉన్న టోల్‌గేటు, పెట్రోలు బంకు, దాబా సీసీ కెమెరాల్లో పాత రికార్డింగు కొన్నాళ్లకు చెరిగిపోతుంది. ఆ కెమెరాలు ఎక్కడెక్కడున్నాయో రాసి, వాటిని భద్రపరచమని ఎస్సైకి ఇవాళే అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. తర్వాత బండి దొరికి పూర్తి పరిహారం వస్తే ఈ రెండు లక్షలు అందులో సర్దేస్తారు.

ప్రశ్న: కుక్క అడ్డం వచ్చి మా అన్న బైక్ స్కిడ్ అయి చనిపోయాడు. ఎదుటి బండి లేదు. ఎవరి మీద కేసు వేయాలి?

జవాబు: ఎవరి మీదా కాదు తమ్ముడూ. ఇక్కడ చూడాల్సింది అన్న సొంత పాలసీ. బండి ఆయన పేరు మీదే ఉండి, లైసెన్సు ఉండి, ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కట్టి ఉంటే నామినీకి 15 లక్షలు వస్తాయి. బ్యాంకు పాస్‌బుక్‌లో మే, జూన్ నెలల్లో ఇరవై రూపాయలు కోసిన ఎంట్రీ ఉందా చూడండి. ఉంటే అది ప్రధానమంత్రి సురక్షా బీమా, మరో రెండు లక్షలు. ముందు పాలసీ కాగితం వెతకండి, చాలామంది బండి డిక్కీలోనే పెడతారు. ప్రీమియం పట్టికలో ఓనర్ డ్రైవర్ అన్న గడి ఉంటుంది. అందులో అంకె ఉందో, సున్నా ఉందో చూసి నాకు మళ్లీ రాయండి.